అడుగున్న బుట్ట

సూరిబాబూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మన గజపతినగరం బడిలో ఇవాళే బాస్కెట్‌బాల్ రింగు బిగించారు.

ఈ ఆట పుట్టిన కొత్తలో పళ్లబుట్ట కట్టేవారనీ, బంతి పడ్డప్పుడల్లా నిచ్చెనెక్కి తీసేవారనీ పిల్లలకు చెప్పేవాడివి. "బుట్ట అడుగు కోసెయ్యాలని తట్టడానికి ఆల్లకి ఏళ్లు పట్టినాది మాస్టారూ" అని నా వైపు చూసి నవ్వేవాడివి. నేను నవ్వేవాణ్ణి కాదు. పరీక్షలు దగ్గరపడ్డాయంటూ సుద్దముక్కతో వచ్చి, నీ ఆటల పీరియడు లెక్కలకు లాక్కునేవాణ్ణి. నువ్వు బంతి చంకన పెట్టుకుని మెట్లు దిగిపోయేవాడివి. పదకొండేళ్లు అలాగే దిగావు.

ఇవాళ నేను హెడ్మాస్టర్ని కదా, మొదటి బంతి నా చేతికే ఇచ్చారు. వేస్తే రింగు దాకా వెళ్లనే లేదు. పిల్లలు నవ్వుతారనుకున్నాను. తొమ్మిదో తరగతి పార్వతి పరుగెత్తి బంతి తెచ్చి, "ఏటీ అవదు సార్, మల్లీ ఎయ్యండి" అంది.

ఆ మాట ఎవరు నేర్పారే అని అడిగాను.

"డ్రిల్లు మాస్టారు అనీవోరండి."

ముప్పయ్యేళ్లుగా లెక్కలు చెబుతున్నాను సూరిబాబూ. తప్పు చేసిన పిల్లల్ని బెంచీ ఎక్కించాను. ఆ మాట మాత్రం ఒక్కరితోనూ అనలేదు.