దుమ్ము పీల్చేవాళ్ల లెక్క

మార్చి 3, సోమవారం
గోపన్‌పల్లి టవర్ల సైట్ హెల్త్ రిస్క్ రిపోర్ట్ రాసే పని మా కన్సల్టెన్సీలో నాకిచ్చారు. అక్కడి దుమ్ము ఎవరి ఊపిరితిత్తుల్లోకి ఎంత పోతుందో తేల్చాలి. దుమ్ము సోకేవాళ్లని చూపే టేబుల్‌లో పక్క అపార్ట్‌మెంట్లున్నాయి, స్కూలుంది. సైట్‌లోనే రేకుల షెడ్లలో ఉంటున్న కూలీలు లేరు. మా డైరెక్టర్ లక్ష్మీనారాయణ గారిని అడిగాను. వాళ్లు టెంపరరీ కదండీ ఉమాశ్రీ గారూ, లెక్కలోకి రారు అన్నారు. టీ తాగుతూ అన్నారు.

మార్చి 5, ఉదయం 11
షెడ్ల దగ్గర మీటర్ పెట్టాను. పీఎం 2.5, అంటే ఊపిరితిత్తుల లోపలిదాకా పోయే సన్న దుమ్ము, మూడు వందల పది. అపార్ట్‌మెంట్ బాల్కనీలో తొంభై రెండే. సైట్ ఊడ్చే సాయమ్మ వచ్చి చూసింది. టెంపరరీ అంటే ఏంది మేడం, మూడేండ్ల సంది గీడనే ఉంటున్నం అంది. ఆమె భర్త మొగిలి గ్రానైట్ కోస్తాడు. మాటకీ మాటకీ మధ్య దగ్గు. జర దుమ్ము వడ్డది, ఫికర్ లేదంటాడు. షెడ్లన్నీ తిరిగి లెక్కపెట్టాను. రెండు వందల పన్నెండు మంది.

మార్చి 6
మొగిలికి మాస్క్ ఇచ్చారా అని సూపర్‌వైజర్‌ని అడిగితే, కర్చీఫ్ ఉంది కదా అన్నాడు.

మార్చి 11
టేబుల్‌లో 212 అని రాస్తే డైరెక్టర్ గారు తీసేశారు. మళ్లీ రాశాను. ఎమోషనల్ అవ్వకండి, సైన్స్ రాయండి అన్నారు. ఒళ్లు మండింది. నేను కొలిచింది ఎమోషన్, ఆయన చెరిపింది సైన్సట!

మార్చి 14
నా పేరుతోనే రిపోర్ట్ పంపేశారు. కూలీలు: సున్నా. అనుమతులిచ్చే కమిటీకి మెయిల్ పెట్టాను, ఈ సున్నా నాది కాదు, రీడింగ్స్ ఇవిగో అని. ఇన్‌స్పెక్షన్‌కి వస్తామన్నారు. సాయమ్మకి చెప్తే, సార్లు రానీ, మా ఆయనను సూపిస్త అంది.

మార్చి 21
అధికారి వచ్చాడు. షెడ్లు లేవు. నిన్న అందర్నీ లారీలెక్కించి పంపేశారట. నేల చదును చేసి నీళ్లు చల్లారు. అధికారి చుట్టూ చూసి, నివాసులు లేరు అని రాసుకున్నాడు. అరిచాను. లక్ష్మీనారాయణ గారు కారు అద్దం ఎక్కించుకున్నారు. సాయంత్రం రిజైన్ చేశాను.
నా మెయిల్ వల్లే వాళ్లను తరిమారు. ఈ మాట ఎవరితోనూ అనలేకపోతున్నాను.

మార్చి 29
సాయమ్మ ఫోన్ చేసింది. ఇప్పుడు మియాపూర్ అవతల ఇంకో సైట్‌లో ఉన్నారు. మొగిలిని దవాఖానలో చేర్చారట. ఏం దుమ్ము, ఎన్నేళ్లు పీల్చాడు అని డాక్టర్ అడుగుతున్నాడట. జర రాసిస్తవా మేడం అంది.
లెటర్‌హెడ్ లేదు. తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టాను. బస్సెక్కుతున్నాను.