పాప ముఖానికి సమీకరణాలు

పుంగనూరు,
18 నవంబరు 2002.

ప్రియమైన నాజియాకు,

నీ వసుధ రాస్తున్నది. ఇక్కడ ముగ్గురం పొద్దున లేస్తున్నాం, వేళకు తింటున్నాం, ఎవరి పనికి వాళ్ళం పోతున్నాం. దాన్నే క్షేమం అనుకో. కుప్పంలో నువ్వూ, మోసిన్ గారూ, పిల్లలూ బాగుంటారని తలుస్తున్నాను. రంజాన్ నెల కదా, ఉపవాసంతోనే బడికి పోయి పాఠాలు చెప్తూ ఉంటావు. గొంతు జాగ్రత్త. మొన్న మదనపల్లెలో మీ నాన్నగారి గాజుల అంగడి ముందు నుంచి బస్సులో పోయాను. గఫార్ గారు బయట స్టూలు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. దిగి సలాం చెప్దామనుకున్నాను. దిగలేదు. దిగితే అడుగుతారు కదా.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు ఆలస్యమైనందుకు కోపం తెచ్చుకోకు. పెన్ను తీసేదాన్ని, మళ్ళీ పెట్టేసేదాన్ని. పెద్ద కారణమేమీ లేదు.

జరిగింది నీకు మీ అక్క మున్నీ చెప్పే ఉంటుంది. అయినా నా చేత్తో ఒకసారి రాస్తాను. జూలైలో, ఎనిమిదో నెలలో నాకు బీపీ పెరిగింది. కాళ్ళు వాచాయి. నిలబడి పాఠాలు చెప్పడం వల్ల అనుకున్నాం. ఒక ఉదయం వంటింట్లో తలనొప్పి అని గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఫిట్స్ వచ్చాయట. మా ఆయన ప్రవీణ్ పక్కింటివాళ్ళ జీపులో మదనపల్లెకు తీసుకుపోయాడు. ఆపరేషన్ చేసి పాపను తీశారు. పాప రెండు రోజులుంది. తర్వాత లేదు. సోమల దగ్గర మా వాళ్ళ చేనిలో, గట్టు పక్కన పూడ్చారు.

ఇంటికొచ్చాక పాలు ఆగడానికి మా అత్త కృష్ణమ్మ మల్లెపూలు తెప్పించి రొమ్ములకు కట్టింది. గదంతా పెళ్ళివారి ఇంటి వాసన. పక్కింటి బయ్యమ్మ వచ్చి, “చిన్నదానివి, మళ్ళా పుడ్తారులే, మర్సిపోమ్మా” అనింది. సరే అన్నట్టు తలూపాను. అత్త ఊయల చీరను ఉతికి, మడిచి, పెట్టెలో అడుగున పెట్టింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో పాప మాట ఎవరూ ఎత్తలేదు. భోజనాల దగ్గర టమోటా ధర గురించి మాట్లాడుకునేవాళ్ళం. మోటారు కాలిపోయిందని ఒక వారమంతా మాట్లాడుకున్నాం. ప్రవీణ్ పొద్దున్నే ఎరువుల అంగడికి పోయేవాడు, చీకటి పడ్డాక వచ్చేవాడు. మంచివాడే నాజియా. నేనూ చెడ్డదాన్ని కాదు. ఎవరి కంచంలోకి వాళ్ళం చూసుకుంటూ తినేవాళ్ళం, అంతే.

బాధగా ఉందా అని మా అమ్మ ఫోనులో అడిగేది. పళ్ళ డాక్టరు సూది వేశాక చెంప ఎట్లుంటుంది చెప్పు. వేలితో తాకితే వేలికి తెలుస్తుంది, చెంపకు తెలియదు. నేనంతా అట్లా ఉన్నాను. పాలవాడు డబ్బా మోగిస్తే గిన్నె తీసుకుని పోతాను. గిన్నె బరువు కూడా తెలియదు.

సెలవు అయిపోయాక కాలేజీకి పోవడం మొదలుపెట్టాను. సెకండియర్ పిల్లలకు లెక్కల్లో పరావలయం, అదే పారబోలా, చెప్పాలి. బోర్డు మీద గీసి, నాభి, నియతరేఖ అన్నీ గుర్తులు పెట్టి వెనక్కి తిరిగాను. రెడ్డెప్ప అని ఒక పిల్లవాడు ఉన్నాడు, శాంతిపురం నుంచి వచ్చి హాస్టల్లో ఉంటాడు. లేచి నిలబడి, “మేడమ్, దీన్తో మాకేం పని?” అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఇంకెప్పుడైనా అయితే నేనూ నవ్వి, టార్చిలైటు అద్దం గురించి చెప్పేదాన్ని. ఆ రోజు మాత్రం సుద్దముక్క పట్టుకుని, ఆ పరావలయానికి ఎదురుగా ఇంకొకటి బోర్లా గీశాను. పక్కకు తిప్పిన ఒక ముక్క తోకగా పెట్టాను. చేప అయింది. కన్నుకు చిన్న వృత్తం. ఒక్కో గీత పక్కన దాని సమీకరణం, x ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నది రాశాను. నవ్వినవాళ్ళు నోటుబుక్కులు తెరిచి ఎక్కించుకోవడం మొదలుపెట్టారు.

అది నీ విద్యే కదా. బీయస్సీ రెండో ఏడు మనకు ధ్రువ నిరూపకాలు చెప్పినప్పుడు, అయిదు రేకుల వక్రాన్ని నువ్వు ఇంటికి తీసుకుపోయి మున్నీ పెళ్ళికి గోరింటాకులో పెట్టావు. నీ అరచేతిలో కూడా అదే. పరీక్ష హాల్లో నీ చేయి పట్టుకుని కాపలా ఉన్న మేడమ్ చీటీ కోసం వెతికినట్టు వెతికింది. “అది పువ్వు మేడమ్” అని నువ్వు, “పువ్వు పక్కన ఆ సైన్ ఎందుకుంది” అని ఆమె. సమీకరణాన్ని కూడా గోరింటాకుతో రాసుకున్నదానివి నువ్వొక్కదానివే.

దసరా సెలవులకు పిల్లలకు అదే ఇంటిపని ఇచ్చాను. ఏ బొమ్మ అయినా సరే, ప్రతి గీతకూ సమీకరణం ఉండాలి, హద్దులుండాలి, ఊరికే చేత్తో ఒక్క గీత కూడా గీయకూడదు. ఎవరూ చేయరనుకున్నాను. అందరూ చేసుకొచ్చారు. గుర్రంకొండ నుంచి వచ్చే అమ్మాయి కొండను, మీద కోట గోడను వేసింది. ఒకడు లారీ వేశాడు, చక్రాలకు తప్ప అన్నిటికీ సరళరేఖలే, బద్ధకస్తుడు. రెడ్డెప్ప పుంగనూరు ఆవును వేసుకొచ్చాడు. పొట్టి కాళ్ళు, గుండ్రటి పొట్ట, కొమ్ములకు అతిపరావలయం ముక్కలు. ఆవు బాగుంది. బాగుందని నాకు తెలుసు, కానీ బాగుందని అనిపించలేదు. మార్కులు వేసి ఇచ్చేశాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం గ్రాఫ్ కాగితం తీసుకుని నేనూ కూర్చున్నాను. పాప ముఖం వేద్దామనుకున్నాను. ఎందుకని అడగకు. చేతికి పని కావాలి. మీ బడి కంప్యూటర్లో సమీకరణం కొడితే గీత అదే వస్తుందని రాశావు. నాకు అట్లా వద్దు. పట్టిక వేయాలి, ఒక్కో విలువ లెక్కకట్టాలి, చుక్కలు పెట్టాలి, కలపాలి. అంతసేపు వేరే ఏమీ ఆలోచించే పని లేదు.

నుదురుకు దీర్ఘవృత్తం పై సగం తీసుకున్నాను. చెంపలకు వృత్తం. మూసిన కనురెప్పలకు రెండు చిన్న పరావలయాలు. శ్రమ తగ్గుతుందని x ఉన్నచోటల్లా దాని పరమమూల్యం పెట్టాను. అప్పుడు కుడి పక్క లెక్క వేస్తే చాలు, ఎడమ పక్క దానంతట అదే వస్తుంది. సాయంత్రానికి ఒక ముఖం తయారైంది. పాల డబ్బా మీది పాపాయిలాగా ముద్దుగా ఉంది.

అత్త చేటలో బియ్యం ఏరుకుంటూ ఉండింది. తొంగి చూసి, “ఏందమ్మా అది, ముగ్గా?” అనింది.

పాప అన్నాను.

చేట పక్కన పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుని కాగితం దగ్గరికి తీసుకుంది. చాలాసేపు చూసింది. లేచి పోతుందనుకున్నాను. పోలేదు. “ఇది మన పాప కాదు” అనింది.

“యాల కాదత్తా?” అన్నాను.

“రెండు పక్కలా ఒకటే మాదిరి యాడన్నా ఉంటారా మనుసులు? దానికి ఎడమ కన్ను రవ్వంత చిన్నది. నుదురు ఇంతెత్తు ల్యా. ఈడ సొట్టగా ఉండె” అని తన కణత మీద వేలు పెట్టి చూపించింది.

నేను రబ్బరు తీసుకుని మొత్తం చెరిపేశాను. పరమమూల్యం తీసేశాను. కుడి పక్కకు వేరే సమీకరణాలు, ఎడమ పక్కకు వేరే. పని రెట్టింపయింది. పర్వాలేదనుకున్నాను.

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఇద్దరం కూర్చునేవాళ్ళం. అత్తకు చదువు లేదని నీకు తెలుసు. నేను గుణకం కొంచెం మార్చి, చుక్కలు పెట్టి, కలిపి చూపిస్తే, “ఇంకా కిందికి” అనేది. మళ్ళీ మారిస్తే, “అంత వొద్దు” అనేది. గుర్తు రాకపోతే కాళ్ళు చాపుకుని కళ్ళు మూసుకునేది. తొడమీద చేయి పెట్టి, అక్కడ ఏదో ఉన్నట్టే మెల్లగా తడిమేది. తర్వాత కళ్ళు తెరిచి, “సెవి కొస మడతపడి ఉండె, కుడిది” అని చెప్పేది. నేను చెవి మార్చేదాన్ని. జుట్టుకు సైన్ వక్రం వేస్తే, “అన్ని నొక్కులు యాడివి? నూనె పెట్టినట్టు అణిగి ఉండాది” అనింది. అలల ఎత్తు తగ్గించాను. మొదట “ఉండె” అనేది, పోను పోను “ఉండాది” అనసాగింది. నేను దిద్దలేదు.

మొన్న ఆదివారం ప్రవీణ్ అంగడి తొందరగా మూసి వచ్చాడు. మేము నట్టింట్లో చాప మీద కాగితం పరుచుకుని ఉన్నాం. చెప్పులు విడుస్తూ చూశాడు. పక్కకు తిరిగి కుండలో నీళ్ళు ముంచుకుని తాగాడు. మళ్ళీ వచ్చి నిలబడ్డాడు. ఎవరని అడగలేదు.

“నోరు మూసుకొని లేదు. ఏడస్తా ఉండె” అన్నాడు.

“యాడ ఏడ్సిందిరా? నిద్రపోతానే ఉండింది పాప” అనింది అత్త.

“నీకు తెలీదు. నేను సూసినాను. నోరు తెరిసి ఏడస్తా ఉండె, సద్దు మాత్రం రాలేదు.”

“రెండు దినాలూ నా తొడమీద పెట్టుకున్నదాన్ని నేను! నాకు తెలీకుండా నీకు తెలుసునా?”

“నువ్వు నాకిస్తే కదా!” అని అరిచాడు ప్రవీణ్. “ఒక్కతూరి ఎత్తుకుంటానంటే ఇచ్చినావా? సలి తగుల్తాది, సలి తగుల్తాది అని అడ్డం పడితివి. నా చేతికి ఇచ్చేసరికి...” అని ఆపేశాడు.

వాళ్ళ నాన్న పోయినప్పుడు కూడా అరవని మనిషి నాజియా. అత్త ముఖం పాలిపోయింది. “ఇయ్యాల్సింది” అనింది. “బతుకుతాదనుకుంటిరా. బతికినంక కావాల్సినంత ఎత్తుకుంటువులే అనుకుంటి.” అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రవీణ్ గుమ్మానికి ఆనుకుని గట్టిగా ఏడ్చాడు. పక్కింట్లోంచి బయ్యమ్మ గోడ మీదుగా చూసి లోపలికి పోయింది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు కానీ నావైపు చూడలేదు. నేను మధ్యలో పెన్సిలు పట్టుకుని కూర్చుని ఉన్నాను. “అయితే నోరు తెరిచి వేయాలా, మూసి వేయాలా?” అని అడిగాను. నా గొంతు నాకే క్లాసులో అడిగినట్టు వినపడింది.

అత్తే, “తెరిసే వెయ్యమ్మా. వాడు సూసిందీ నిజమే కదా” అనింది.

చిన్న దీర్ఘవృత్తం తీసుకుని పట్టిక వేశాను. చుక్కలు పెట్టబోతే ప్రవీణ్ వచ్చి చాప మీద కూర్చుని, “నేను పెడతా, యాడ పెట్టాలో సెప్పు” అన్నాడు. x ఇంత, y ఇంత అని చెప్తూ పోయాను. పెద్ద చేతులు కదా, వేళ్ళ సందుల్లో యూరియా తెల్లదనం ఇంకా పోలేదు. ఒక్కో చుక్కా పెట్టి, సరిగ్గా ఉందా అన్నట్టు నావైపు చూశాడు. కలిపేటప్పుడు గీత వంకరపోయింది. అత్త రబ్బరు అందిస్తే వద్దన్నాను.

పరావలయం నిజానికి ఎక్కడా ఆగదని పిల్లలకు చెప్తాం కదా, రెండు చేతులూ చాపుకుని అట్లా పోతూనే ఉంటుందని. బొమ్మ కావాలంటే మనమే ఆపాలి, ఇక్కడి నుంచి ఇక్కడికే అని. ఈ కాగితం మీద ఉన్నవన్నీ అట్లా ఆపినవే. ఏ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అయినా నాకు ఏడుపు రాలేదు. ఇప్పుడు మా ఇంట్లో పాప మాట వస్తోంది. అన్నం తినేటప్పుడు వాళ్ళిద్దరూ పాప వేళ్ళు పొడుగని, గోళ్ళు కూడా ఉన్నాయని చెప్పుకుంటున్నారు. నేను వింటున్నాను. నిన్న మజ్జిగ పోసుకుంటూ గిన్నె బరువుగా ఉందనిపించింది. అది కూడా నీకు రాయాలనిపించింది.

బొమ్మ జిరాక్సు ఈ ఉత్తరంతో పెట్టాను. గోడకు పెట్టొద్దు, ఎవరికీ చూపించొద్దు. కాలేజీలో పిల్లల బొమ్మలన్నీ వరండాలో అంటించాం, ఇది మాత్రం ఇవ్వలేదు. నీ దగ్గర ఉంచుకో. పండగ అయ్యాక వీలైతే పిల్లల్ని తీసుకుని రా. పలమనేరు మీదుగా వచ్చే పొద్దుటి బస్సు ఖాళీగా ఉంటుంది. మీ అత్తగారికి నమస్కారం చెప్పు, మోసిన్ గారిని అడిగానను.

ఇట్లు,
నీ
వసుధ

తా.క.: పాప ఎవరి పోలిక అని నువ్వు నీ ఉత్తరంలో అడిగావు. మా అమ్మకు కూడా చెప్పని మాట నీకు రాస్తాను. నాజియా, నేను పాపను చూడలేదు. ఫిట్స్ వచ్చినాక నాకు తెలివి వచ్చేసరికి అంతా అయిపోయింది, చేనికి తీసుకుపోయి వచ్చేశారు. డాక్టరు చూసింది, ఆయాలు చూశారు, జీపు నడిపినాయన కూడా చూశాడు. నేనొక్కదాన్నే చూడలేదు. ఫొటో ఎవరూ తీయలేదు. చూసినవాళ్ళను అడగడానికి నోరు రాలేదు, చెప్పడానికి వాళ్ళకు రాలేదు. ఈ కాగితం మీద నా గుర్తులోంచి వచ్చిన గీత ఒక్కటి కూడా లేదు. అన్నీ అత్త చెప్పినవి, ప్రవీణ్ చెప్పినవి. మొన్న నోరు వేయడం అయ్యాక కాగితం అత్త ముందు పెట్టి, అచ్చం ఇట్లే ఉండిందా అని అడిగాను. తల అటూ ఇటూ వంచి చూసింది. కాగితం తిప్పి నా వొళ్ళో పెట్టింది. “ఇదేనమ్మా నీ బిడ్డ. సూసుకో” అనింది.

చూసుకున్నాను. ముక్కు నాది. మిగిలిందంతా వాళ్ళ నాన్న.