దైర్ శమ్రాలో పోలింగ్ ప్రశాంతం

బీరూట్, మంగళవారం

నా బంగారు విదాద్ వదినా,

నీ ఒంట్లో ఎలా ఉందని అడగడానికి కూడా నాకు మొహం చెల్లడం లేదు. ఎన్నికల మర్నాటి నుంచి అన్నయ్య నా ఫోను ఎత్తడం లేదు. అమ్మ ఎత్తుతుంది గానీ, నా గొంతు వినగానే పెట్టేస్తోంది. మన ఊరి దొర బేగారి ఆసుపత్రిలో నీ డయాలసిస్ ఆపేసి, నీ మంచం ఇంకెవరికో ఇచ్చారని నిన్న మీ పక్కింటివాళ్లు ఫోనులో చెబితే తెలిసింది. అందుకే రాస్తున్నాను. ఇది ఎవరికీ చూపించకు.

ఎవరి ఓటు వాళ్ల తాతల ఊళ్లోనే కదా, ఓటూ వేసుకుంటాను, పోలింగు బూతూ కనిపెట్టుకుని ఉంటానని మా ఎన్నికల పరిశీలకుల సంఘం నన్ను మన ఊరికే వేసింది. మళ్లీ పార్లమెంటుకి నిలబడ్డ బేగారు ఏ ఇంటి పిల్లలకి ఫీజు కట్టారు, ఏ ఇంటి రోగికి మంచం ఇప్పించారు, అన్నీ ముందు నెలంతా సంఘానికి రాసి పంపాను. మన ఇంటి సంగతి మాత్రం రాయలేదు.

పోలింగు ముందురోజు బేగారి మనిషి అబూ నిమర్ వచ్చి, ఓటుగా కవరులో పెట్టి వేయాల్సిన, అభ్యర్థుల పేర్లు అచ్చేసిన చీటీలు అమ్మ చేతిలో పెట్టాడు. నీకు తెలిసిందే, మన ఇంటి చీటీల్లో బేగారి జట్టులో నిలబడ్డ డాక్టరు పేరు ముందు, బేగారి పేరు ఆఖర్న. మీ పుట్టింటివాళ్ల వాటిలో బేగారు రెండో పేరు. పేర్లు అవే, ఇంటింటికీ ఓ వరస. లెక్కింపులో ఆఫీసరు ఒక్కో చీటీ విప్పి పేర్లు పైకి చదువుతుంటే, ఏ ఇల్లు మాట తప్పిందో వెనక బెంచీలో కూర్చుని అబూ నిమర్ పోల్చుకుంటాడు. నన్ను చూసి నవ్వుతూ, రేపు మా దొంగతనాలన్నీ నువ్వే పట్టాలి మరి, అన్నాడు. అమ్మ ఆయనకి కాఫీ ఇచ్చింది.

అమ్మ, అన్నయ్య, నువ్వు, నేను, మన వరస నాలుగుసార్లు వినపడాలి. మూడుసార్లే వినపడింది. అబూ నిమర్ లేచి అందరి ముందూ నా దగ్గరికొచ్చి, మెల్లగానే అన్నాడు:

"పట్నం చదువు మంచిదే తల్లీ. వదిన మీద కాస్త దయ కూడా ఉంటే ఇంకా బావుండేది."

అన్నయ్య విన్నాడు. నావైపు ఒక్క చూపు చూసి బయటికి వెళ్లిపోయాడు.

వదినా, నేను వేసింది అబూ నిమర్ ఇచ్చిన చీటీనే. మెడలో సంఘం బిళ్ల వేలాడుతుండగానే, తెర వెనక నీ వాచిన కాళ్లు గుర్తొచ్చి, ఆ చీటీనే మడిచి కవరులో పెట్టాను. వేయలేదని తిట్లు తింటున్నాను, వేశానని చెప్పుకోలేను. మాట తప్పింది అన్నయ్యే అయ్యుంటాడు. ఆయన రోషం నీ ప్రాణం మీదికి తెచ్చింది.

రిపోర్టులో 'పోలింగ్, లెక్కింపు ప్రశాంతం' అని రాసి సంతకం పెట్టాను. చీటీల గురించి ఒక్క ముక్క రాయలేదు. ఆ సంగతి అబూ నిమర్‌కి కబురు చేశాను కూడా. బేగారి మనసు కరిగితే నీ మంచం నీకొస్తుంది. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నీ ఆడపడుచు
నుహాద్


దైర్ శమ్రా, శనివారం

నుహాద్ తల్లీ,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టాను. మీ అన్నయ్యని ఏమీ అనకు. తప్పిన ఓటు నాది.

అత్తయ్య ఇచ్చిన చీటీ జేబులోనే ఉంచేసి, తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది కదా, నాకు నచ్చిన పేర్లు నా చేత్తో రాసి వేశాను. చావాలని కాదు. బతకాలని నాకెంత ఆశో నీకేం తెలుసు. చేతికి సూది గుచ్చి ఉండగా, వచ్చినప్పుడల్లా అబూ నిమర్ నేను తినకూడని కమలాపళ్లు పట్టుకొచ్చేవాడు. మంచం పక్కన నిలబడి, "మన నాలుగూ భద్రమే కదా?" అని అత్తయ్యని అడిగేవాడు. మిషనులో తిరిగే నెత్తురు నాది, అడిగేది ఆవిడని. నావైపు చూసేవాడు కూడా కాదు. ఒళ్లు మండిపోయేది.

లెక్కింపులో తెలిసిపోతుందని తెలుసు. నింద నీ మీద పడుతుందని మాత్రం తట్టలేదు. మంచాన పడ్డదానికి అంత ధైర్యం ఉంటుందని ఎవరనుకుంటారు? వాళ్లంతా నిన్ను తిడుతుంటే భయంతో నోరు మూసుకున్నాను, క్షమించు. నిన్న మీ అన్నయ్యకి చెప్పేశాను. విని, లేచి చొక్కా వేసుకున్నాడు. తర్వాత వెళ్లి టాక్సీ మాట్లాడుకొచ్చాడు. కొండ దిగి సర్కారు ఆసుపత్రికి వెళ్లాం. వంతు రాలేదు, తిరిగొచ్చాం. కాళ్లకి చెప్పులు పట్టడం లేదు. పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోతున్నాను.

'ప్రశాంతం' అన్న మాట కొట్టెయ్యి. నా మంచం కోసం నువ్వు వాణ్ణి బతిమాలితే నేను చేసిన పని ఏం కావాలి? చీటీల సంగతీ, మంచం సంగతీ అంతా రాయి. నా పేరు పెట్టి రాయి. ఆలస్యం మాత్రం చెయ్యకు తల్లీ. నిజమా కాదా అని కనుక్కోవడానికి మీ సంఘంవాళ్లు వచ్చేసరికి, చెప్పడానికి నేనుండాలి.

నీ వదిన
విదాద్