‘అబార్’ తెచ్చిన కడుపుమంట

ఆగస్టు 1978, శుక్రవారం

మా సంఘం కోసం నేను రాసిన పోస్టర్ మీద సుధాకర్ అందరి ముందట గీత కొట్టి నా పరువు తీసిండు. దొరలంటే మాకు అసహ్యమని ఇంగ్లిష్‌ల రాసిన: “వుయ్ ఆర్ అబారెంట్ టు లాండ్‌లార్డ్స్.”

“అన్నా, దీనికర్థం దొరలకే మనమంటే అసహ్యమని. ‘వుయ్ అబార్ లాండ్‌లార్డ్స్’ అనాలె, ‘టు’ వద్దు,” అన్నడు, కాన్వెంట్ల చదివిన ఆ సేటు కొడుకు.

“రెండూ నిజమే గద!” అన్న నేను.

సంఘంల కొత్తగ చేరిన పద్మ పకపక నవ్వి, నా చేతిల బ్రష్ గుంజుకొని వానికిచ్చింది. నెలరోజుల సంది ఆమెకు కరపత్రాలు చదివి వినిపించింది నేను. వాని ఒక్క మాటకే అంత మురుసుడా? వాడు చెప్పింది కరెక్టే, అదే నా మంట.

పోస్టర్లు అతికించేటందుకు రేపు పొద్దున ఆరింటికి అందరం కొత్తవాడ చౌరస్తాల జమ కావాలె. పద్మకు గట్టిగ చెప్పిన. సుధాకర్‌కు మాత్రం ఏడింటికని చెప్పిన.