బ్లూ బర్రో చిప్

ఏప్రిల్ 9, 1997. ఈలీ, నెవాడా

దొరికింది! బ్లూ బర్రో క్లబ్ చిప్, జూదంలో డబ్బుకి బదులు పెట్టే బిళ్ల. ఒక్క చలికాలం నడిచి 1954లో మూతపడిన బుల్లి కాసినో అది. పాత పేపర్లో ఐదు డాలర్లకి మించి పందెం లేదన్న ప్రకటన తప్ప దాని గుర్తు ఎక్కడా లేదు. చిప్ ఉండి తీరుతుందని నా కేటలాగ్‌లో రాస్తే రీనోలో సాటి కలెక్టర్ మెర్ల్ పగలబడి నవ్వాడు. ఇవాళ కళ్లారా చూశాను. ఆవపిండి రంగు, అంచున నీలి గీతలు, మధ్యలో బంగారు గాడిద. అక్కడ బ్లాక్‌జాక్ ముక్కలు పంచిన లవోనా ప్రూయిట్ దగ్గరుంది. ఎనభై ఏడేళ్లది. గాజు గిన్నెలో బొత్తాల మధ్య పడేసింది, దరిద్రురాలు.

నా నోరు ఆగలేదు. చిల్లు లేదు కదా అన్నాను. కలెక్టర్లం ఎవరమైనా ముందు అడిగేది అదే. కాసినో మూసేటప్పుడు మళ్లీ ఎవరూ ఆటకి తేకుండా చిప్‌లకి డ్రిల్‌తో చిల్లు పెడతారు. ఎందుకు పెడతారో నాకు తెలుసులేవయ్యా, ఉంటే నీకేం నొప్పి అంది. చిల్లు పడ్డ చిప్ మాకు శవంతో సమానం అన్నాను. ఓహో అంది.

అమ్ముతారా అంటే, అమ్మడమేమిటయ్యా, మంచివాడిలా ఉన్నావు, ఊరికే ఇస్తాను, కాస్త అలవాటు పడనీ అంది.

ఏప్రిల్ 20

కూలర్ బాగు చేశాను. చిప్ ఇవ్వలేదు.

జూన్ 3

వరండాకి రంగు వేశాను. ముసల్దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాను. దాని పిల్లికి నులిపురుగుల మందు పట్టించాను, మోచేతి దాకా రక్కింది. ముసల్ది కుర్చీలో కూర్చుని అన్నీ చూస్తుంది. ఏవయ్యా, నీ పెళ్లాం ఎందుకు వదిలేసిందో ఇప్పుడర్థమైంది, గోడకి రంగు కూడా సరిగ్గా అంటించలేవు అంది. నవ్వాను. లోపల పళ్లు నూరుకున్నాను. తర్వాత అది చేసిన మాడు మీట్‌లోఫ్ రెండు ముక్కలు తిన్నాను, బ్రహ్మాండం అన్నాను.

ఆగస్టు 14

ముసల్ది కునుకు తీస్తోంది. చెవి మిషన్ టేబుల్ మీదుంది, ఇక బాంబు పడ్డా వినపడదు. దాని ఫోన్ నుంచే మెర్ల్‌కి చేశాను. అక్టోబర్‌లో కలెక్టర్ల షోలో చిప్ చూపించకపోతే నీ కేటలాగ్ కట్టుకథల పుస్తకమని మైకులో చెప్తానన్నాడు, కుక్క. పదకొండేళ్ల పనిరా అది! ముసల్ది మంచు పడేలోపు పోతుంది, చిప్ నా చేతిలో రాలుతుంది, చూస్తూ ఉండు అన్నాను. వాడూ నవ్వాడు, నేనూ నవ్వాను.

సెప్టెంబర్ 19

రేపు శనివారం కాదు, ఆ పై వచ్చే శనివారం ఇస్తుందట. షోకి ముందే. ఇవాళ దాని కాలిగోళ్లు కత్తిరించాను.

సెప్టెంబర్ 27, శనివారం

ఇచ్చింది.

గుడ్డలో చుట్టి చేతిలో పెట్టింది. విప్పాను. గాడిద కడుపులోంచి నా అరచెయ్యి కనిపించింది.

పక్కింటివాడి డ్రిల్ అడిగి తెచ్చుకున్నానయ్యా, చెయ్యి వణికింది గానీ సరిగ్గా నడిమధ్యన పడింది చూడు అంది. మా దుకాణం మూస్తున్నాం కదా, మంచు పడేలోపు! ఫోన్లో నేనన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. టేబుల్ మీదున్నది పాత మిషనట. కొత్తది చెవిలోనే ఉందట.

అరవై మూడేళ్ల వాణ్ణి, దాని వంటింట్లో వెక్కి వెక్కి ఏడ్చాను. ఏడుపు అయ్యాక ముసల్ది కాఫీ పోసింది.

గుమ్మం దాటుతుంటే పిలిచింది. ఏవయ్యా, పాతిక డాలర్ల చిప్ కూడా ఒకటుండాలి, అటక మీద ఎక్కడో. దానికి చిల్లు లేదు. మంగళవారం రా, ముందు పైకప్పు మీద ఆకులు తీద్దువుగాని అంది.

సెప్టెంబర్ 30, మంగళవారం

ఐదు డాలర్లకి మించి పందెం ఒప్పుకోని క్లబ్బులో పాతిక డాలర్ల చిప్ ఎందుకుంటుంది? ఉండదు. నాకంటే బాగా ఎవరికి తెలుసు?

నిచ్చెన కారు మీద కట్టాను.