ఓటు వేళకు ఖాళీ అయిన మూడు కుర్చీలు

సాన్ అమారో, ఏటిగట్టు వాడ,
14 ఆగస్టు 1997.

మా జ్ఞానతండ్రి, నగరసభ సభ్యులు శ్రీ ఎమెతెరియో బస్కినియాస్ గారి సముఖానికి,

నినోంగ్, మీ కుడిచెయ్యి అందుకుని నా నుదుటికి ఆనించుకుంటున్నానని మొదలుపెట్టడం జ్ఞానతండ్రికి ఇవ్వవలసిన మర్యాద. ఈసారి ఆ చెయ్యి అందుకోవడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు. కాబట్టి దూరం నుంచే నమస్కారం. మేమిక్కడ క్షేమం అని రాయలేను. మీరు క్షేమమని మాత్రం తెలుసు. నిన్న సభ ముగిశాక మేయరు గారి పక్కన నిలబడి ఫొటో దిగుతూ నవ్వారు, పళ్ళన్నీ చక్కగా ఉన్నాయి.

జరిగింది మీకూ తెలుసు కదా, మళ్ళీ రాయడమెందుకు అంటారేమో. రాయాలి. అసలు ఘట్టంలో మీరు లేరు కాబట్టి రాయాలి.

నిన్న సభ ముందుకు వచ్చినవి రెండు అంశాలు. మొదటిది, నగర కార్యాలయంలో పేదల కేసులు ఉచితంగా చూసే న్యాయ సహాయ విభాగాన్ని ఎత్తేసి, నగరం పనులన్నీ రాజధాని నుంచి వచ్చే ఒక లాయర్ల కంపెనీకి అప్పగించడం. రెండవది, వంతెన దగ్గర ఆగిపోయిన రోడ్డును కొత్త బస్టాండు దాకా పొడిగించడం. పైకి చూస్తే ఒకదానికొకటి చుట్టం కాదు, పక్కం కాదు. కానీ ఆ రోడ్డు వచ్చేది మా ఏటిగట్టు ఇళ్ళ మీదుగా. మా తరఫున కోర్టులో నిలబడతానన్న ఒకే ఒక్క మనిషి ఆ విభాగంలోని అటార్నీ దుమలాగన్. ముందు గొడుగు లాక్కోవాలి, ఆ తర్వాత వాన కురిపించాలి. అంశాలను ఆ వరుసలో పెట్టిన బుర్రకు దండం పెట్టాలి.

రోడ్డు వద్దని మేము ఏనాడూ అనలేదు నినోంగ్. కరపత్రాలు చదివి చెడిపోయాడు, అభివృద్ధి అంటేనే వీడికి గిట్టదు అని మీరు నా గురించి అన్నారట. నేను చదివిన కరపత్రాల్లోనూ రోడ్లు వద్దని ఎక్కడా లేదు. తిన్నగా వేయమని అడిగాం, అంతే. తిన్నగా వస్తే అది కోడిపందేల షెడ్డు మీదుగా పోవాలి. ఆ షెడ్డు వైస్ మేయరు బావమరిదిది. అందుకని రోడ్డు షెడ్డు గుమ్మం దాకా బుద్ధిగా వచ్చి, పందెంకోళ్ళకు నిద్రాభంగం కాకుండా పక్కకు ఒదిగి, మా అమ్మ పూటకూళ్ళ పాకను, దాని వెనకున్న మా ఇంటిని, ఆపైన వాడనంతా తొక్కుకుంటూ పోతుంది. ఈ ఊళ్ళో కోడికున్న పాటి లాయరు మనిషికి లేడు.

నిన్న పొద్దున మా వాడంతా రెండు జీప్నీ బళ్ళలో బయల్దేరింది. ఆడవాళ్ళు పూజకు వెళ్ళే బట్టలు కట్టుకున్నారు. సైకిల్ రిక్షా బెంతోంగ్ మామ ఎప్పుడూ లేనిది జుట్టుకు నూనె రాశాడు. మేము లోపలికి అడుగుపెట్టేసరికి మీ బల్లల మీద పాన్సిట్ నూడుల్స్ పళ్ళేలు వచ్చేశాయి. మా ఇళ్ళు ఉండాలా పోవాలా అని మీరు తేల్చబోతున్నారు, మీ మూతులు మాత్రం నూనెతో మెరుస్తున్నాయి. ఒక సభ్యుడు నిమ్మచెక్క పిండుకుంటూ న్యాయ సహాయం ఖర్చు గురించి మాట్లాడాడు. ఆ నూనె వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. ఇవాళ అన్నం సహించలేదు.

నాకు మైకు ఇచ్చారు. రాసుకున్నదంతా ఊపులో చదివేశాను. కాస్త ఎక్కువే అరిచానేమో. వైస్ మేయరు కళ్ళజోడు తుడుచుకుంటూ, "బాబూ, కరపత్రం అయిపోయిందా, వెనక పేజీ కూడా ఉందా?" అన్నాడు. సభ్యులంతా నవ్వారు. అంతవరకూ సరే, వాళ్ళ నవ్వు నాకు కొత్త కాదు. నా వెనక బెంచీ మీద కూర్చున్న చేపల పాసింగ్ అత్త నా చొక్కా పట్టుకుని గుంజి, "ఒరేయ్, గొంతు తగ్గించరా! ఆ పక్కనున్నది నా కవలపిల్లల జ్ఞానతల్లి. ఆవిడ ఏమనుకుంటుంది?" అంది. ఇల్లు పోతున్నదని వచ్చిన మనిషికి ఆ గడియలో కలిగిన బెంగ అది!

తర్వాత అటార్నీ దుమలాగన్ లేచింది. వైస్ మేయరు ఆమెను, "నగరం జీతం తింటూ నగరం మీదే కేసు వేస్తారా అమ్మా?" అని అడిగాడు. ఆమె తడుముకోలేదు. "నగరమంటే ఈ బెంచీల మీద కూర్చున్నవాళ్ళు కూడా కదండీ. నా జీతంలో వాళ్ళ వాటా ఎంత, మీ వాటా ఎంత, మీరే చెప్పండి" అంది. బెంతోంగ్ మామ ఈల వేయబోయి, ఎవరో కాలు తొక్కితే ఆగిపోయాడు. గెలిచామనుకున్నాను నినోంగ్. పిచ్చివాణ్ణి. మాట నెగ్గితే ఓటు నెగ్గుతుందనుకున్నాను.

ఓటుకు పేర్లు పిలవబోతున్నారనగా ముందు ఒబ్లియానా అమ్మగారు లేచారు. పాసింగ్ అత్త పిల్లలకు జ్ఞానతల్లి ఆవిడే. కణతలు నొక్కుకుంటూ, తలపోటు అని చెప్పి వెళ్ళిపోయారు. ఆ వెంటనే లుమింతాడ్ గారి నడుముకున్న పేజర్ మోగింది. మోగిందో, ఆయనే నొక్కుకున్నాడో! బెంతోంగ్ మామ కూతురి పెళ్ళికి పెద్దగా నిలబడ్డది ఆ పుణ్యాత్ముడే. ఆయనా ఫోను చేసుకోవాలంటూ పోయాడు. ఇక మీరు. మీకు పేజరు లేదు, తలపోటు లేదు. మీరు లేచి, కుర్చీని చప్పుడు కాకుండా వెనక్కి జరిపి, జేబురుమాలు తీసి చేతిలో పట్టుకుని, మరుగుదొడ్డి వైపు నడిచారు. నా వైపు చూడలేదు. చూస్తారేమోనని నేను లేచి నిలబడి మరీ చూశాను.

మిగిలినవాళ్ళలో అటు నలుగురు, ఇటు నలుగురు. లెక్క సమానమైతే సభ నడిపేవాడి ఓటుతో తేలుతుంది కదా. వైస్ మేయరు పాన్సిట్ పళ్ళెం పక్కకు జరిపి, ఎత్తివేతకు అనుకూలం అన్నాడు. ఆ మూడు కుర్చీల్లో ఒక్కటి నిండినా మేము బతికిపోయేవాళ్ళం. రోడ్డు సంగతి ఇక చెప్పేదేముంది? అడ్డుకునే లాయరు లేడని తేలిపోయాక అది నల్లేరు మీద బండిలా సాగిపోయింది. దానికి చప్పట్లు కొట్టే సమయానికి మీ ముగ్గురూ ఎవరి కుర్చీల్లో వాళ్ళు ఉన్నారు. మీ చేతులు తడిగా ఉన్నాయి. శుభ్రంగా కడుక్కున్నట్టున్నారు.

కాదని ఓటేసి ఉంటే మీ కాళ్ళకు దండం పెట్టేవాణ్ణి. ఔనని ఓటేసినా, శత్రువనుకుని ఊరుకునేవాణ్ణి. శత్రువంటే నాకు గౌరవమే, అతను ఎదురుగా ఉంటాడు. మీరు ఔనూ కాదు, కాదూ కాదు. మీరు ఖాళీ. ఎనిమిదేళ్ళప్పుడు నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మనిషన్నవాడు నిలబడవలసిన చోట నిలబడాలిరా అని చెప్పింది మీరేనా? నాకు అసహ్యం వేస్తోంది. పెద్దవాళ్ళకు ఈ మాట రాయకూడదని తెలుసు. కొట్టేసి ఇంకొకటి రాద్దామని చూశాను. దొరకలేదు.

సభ అయ్యాక అటార్నీ గదికి వెళ్ళాను. ఆమె ఇంకా సామాను సర్దుకోనేలేదు, కొత్త కంపెనీ కుర్రాడొకడు వచ్చి తన బల్ల ఏ కిటికీ పక్కన వేయించుకోవాలో చూసుకుంటున్నాడు. ఆమె అతన్ని చూసి, "కూర్చో నాయనా, కిటికీ ఎక్కడికీ పోదు, పోయేది నేనే" అంది. ఆ తర్వాత నాతో, ఒక్క దారి ఉందని చెప్పింది. వచ్చే మంగళవారం సభలో ఎవరైనా సభ్యుడు లేచి, న్యాయ సహాయం తీర్మానాన్ని తిరిగి పరిశీలించమని అడగవచ్చట. అడిగితే మళ్ళీ ఓటు పెట్టాలట.

నినోంగ్, ఈ ఉత్తరం అందుకోసమే. తిట్టడానికే కూర్చున్నాను, తిట్టాను కూడా. అయినా అడుగుతున్నాను. మంగళవారం మీరు లేవండి. ఈసారి బయటికి పోవడానికి కాదు, అడగడానికి. మీ మేయరు గారికి కోపం వస్తే రానివ్వండి. అమ్మ ఆ పాకలో పాతికేళ్ళుగా పొయ్యి ముందు నిలబడింది. పొగకు కళ్ళు పాడుచేసుకుంటూ నన్ను చదివించింది. రోడ్డు వస్తే ఆమెకు వాళ్ళు చూపించే చోటు ఊరికి అవతల, కొండ మీద. అక్కడ తినడానికి వచ్చేవాడే ఉండడు.

ఇంటికి వచ్చాక నేను మిమ్మల్ని నానా మాటలూ అంటుంటే అమ్మ గరిటె చూపించి, "నోరు ముయ్యి! పెద్దాయనకు నిజంగానే కడుపు బాగోలేదేమో" అంది. ఇప్పటికీ మిమ్మల్ని ఒక్క మాట అననివ్వదు. అదీ మీరు మోసం చేసిన మనిషి.

జ్ఞానస్నానం నాడు మీరు ఎత్తుకుని నిలబడగా నెత్తిన నీళ్ళు పోయించుకున్నవాడు,
ఫావుస్తో

తా.క. కవరు అంటించబోతుంటే అమ్మ వచ్చింది. ఎవరికిరా అంది. చెప్పాను. చదివి వినిపించమంది. చదివాను. "మోసం చేసిన మనిషి" అన్న చోట, "ఆ ముక్క కొట్టెయ్" అంది. ఎందుకు కొట్టేయాలని అరిచాను. బియ్యంలో రాళ్ళు ఏరుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

సభకు రెండు రోజుల ముందు అమ్మ మీ ఇంటికి వచ్చిందట. నాకు తెలియదు. మేయరు గారు మీ మనవడికి జ్ఞానతండ్రి అని, మీరు ఇరకాటంలో పడ్డారని ఎవరో ఆమెకు చెప్పారట. అందుకని, బిడ్డ జ్ఞానతండ్రిని పిలిచే వరసతోనే, "మా గురించి మీరు కష్టపడకండి కుంపారే. మీకు ఇబ్బందయితే ఆ పూటకు పక్కకు తప్పుకోండి. మాకు మిగతా ఇద్దరూ ఉన్నారుగా" అని చెప్పి వచ్చిందట.

నేను లేచి పాసింగ్ అత్త దగ్గరికి పరిగెత్తాను. నిలదీస్తే ఏడ్చింది. తనూ ఒబ్లియానా అమ్మగారి దగ్గరికి వెళ్ళిందట, ఒక బుట్ట పీతలు పట్టుకుని. "మీరు మాట పడొద్దు తల్లీ, బస్కినియాస్ గారు చూసుకుంటారు" అన్నదట. బెంతోంగ్ మామ మాత్రం ఏడవలేదు. "పిల్ల పెళ్ళికి అంత చేసినాయన్ని మళ్ళీ ఏ మొహం పెట్టుకుని అడగనురా? మీ వాళ్ళు అడుగుతారులే అనుకున్నా" అన్నాడు. ఒకరికొకరు చెప్పుకోలేదు. ఒక్క వాడ, మూడు ఇళ్ళు, మూడు ఓట్లు. ఎవరి లంచమూ లేకుండా, బెదిరింపూ లేకుండా, మా చేతులతో మేమే, రెండు బతిమాలి మరీ, ఒకటి అడగక, పోగొట్టుకున్నాం. ఏ కరపత్రంలోనూ నేను ఇలాంటిది చదవలేదు.

అయినా ఈ ఉత్తరం చింపడం లేదు. ఒక్క ముక్కా కొట్టేయడం లేదు. మీకంటే ఎక్కువ మా మీదే అసహ్యం వేస్తోంది, అది వేరే సంగతి. ఎందుకు చింపడం లేదంటే, తిరిగొచ్చి అమ్మను అడిగాను, నిజంగానే ఆయన తప్పుకోవాలనుకున్నావా అని. "పిచ్చోడా, వద్దంటే మానేస్తారా ఎవరైనా?" అంది. మీరు "అదేం మాట సెనియా, నేనుండగా మీ ఇల్లు పోతుందా" అంటారనుకుందట. మీరు "సరే" అన్నారట. అప్పటికీ ఆశ చావక, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, ఒకటి వేసుకుని ఇంకోటి వెతుక్కుంటున్నట్టు నటిస్తూ, కాసేపు నిలబడిందట. మీరు లోపలికి వెళ్ళి రేడియో పెట్టుకున్నారు.

కాబట్టి ఇప్పుడు నేను అడుగుతున్నాను, మొహమాటం లేకుండా, ఆమె పేరు మీదే: మంగళవారం లేవండి.

అమ్మ నా భుజం మీదుగా చూస్తోంది. చదవడం రాకపోయినా తన సంగతే రాస్తున్నానని పట్టేసింది. గుమ్మంలో నిలబడిన ముక్క రాయొద్దంటోంది. మీరు నొచ్చుకుంటారట.