జనరేటర్ యోసేపు కూతురు

గిద్దలూరు, జూన్ 3

ప్రియమైన నాయనకు,

వందనాలు. ఫోన్ చేస్తే సగం మాటలు నీకు వినపడవు, మిగతా సగం అమ్మ నీ చెవి దగ్గర అరవాల. అందుకే వాట్సాప్‌లోనే ఉత్తరం రాస్తున్నా, తీరిగ్గా చదువుకో. ఒక చేత్తో పల్లీలు వేయిస్తా టైప్ చేస్తున్నా, తప్పులుంటే పట్టించుకోవద్దు.

బండికి జనం బాగానే వస్తున్నారు. స్టేషన్ రోడ్డులో ఐదింటికి షట్టర్ ఎత్తితే కారం దోసె, గుడ్డు దోసె, పునుగులు, దేనికీ ఢోకా లేదు. కానీ మిగలడం లేదు నాయనా. ఆ చోట కరెంటు తీసుకునే వీలు లేదు గదా, అంతా జనరేటర్ మీదే. రోజుకి ఏడు లీటర్ల డీజిల్ తాగుతుంది. ఉల్లిపాయలు కొన్నా, పిండి కొన్నా ఇంత బాధ లేదు.

నిన్న మీ అల్లుడు ప్రవీణ్ క్యాను తీసుకుని బంకుకి పోతా, "ఏందే ఫెబీ, మనం దోసెల బండి పెట్టినామా, బంకోళ్ళ దగ్గర జీతానికి చేరినామా?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ తర్వాత మాటకి నవ్వు రాలేదు. దర్శి నుంచి ఒకాయన బండి కొంటానన్నాడంట. నెలాఖరుకి వస్తాడంట. ఇచ్చేసి ఇద్దరం ఒంగోలు పోయి ఏదన్నా హోటల్లో పనికి కుదురుదామంటాడు.

నేను మళ్ళీ ఇంకొకరి పొయ్యి దగ్గర నిలబడలేను నాయనా.

ముప్పై ఏళ్ళు సువార్త సభలకి జనరేటర్ నడిపినోడివి. ఏం చెయ్యాలో చెప్పు.

నీ కూతురు, పల్లీలు మాడుతున్నాయి,
ఫెబీ


ముండ్లమూరు, జూన్ 5

నా ఫెబీ తల్లికి,

చదివినా. ఒక వేలితో కొడతా, నీ అంత రాయలేను.

ముందు ఒక పని చెయ్యి. రెండు రోజులు కాగితం పెట్టుకో. జనరేటర్‌కి ఏమేమి తగిలించినావు, ఒక్కోటి ఎంతసేపు పని చేస్తుందో రాయి. స్విచ్ వేసి ఉన్న టైం వద్దు. నిజంగా పని చేసిన టైం రాయి.

అల్లుడి మీద కోపం తెచ్చుకోవాక. క్యాను మోసేది ఆయన. మీ అమ్మ ఆ బంకు మాట చదివి అరగంట నవ్వింది. "నీకంటే తెలివైనోడు దొరికినాడు నా బిడ్డకి" అంటుంది.

మీ నాయన,
యోసేపు


గిద్దలూరు, జూన్ 8

ప్రియమైన నాయనకు,

రాసినా, చూడు. బండిలో నాలుగు లైట్లు, పేరు బోర్డు లైటు, పొగ లాగే ఫ్యాను ఐదు నుంచి పదకొండు దాకా. పిండి, పాలు, గుడ్ల కోసం ఫ్రిజ్ కూడా అంతసేపూ. చట్నీ మిక్సీ మాత్రం మొత్తం కలిపితే నలభై నిమిషాలే! నేను గంటలు గంటలు తిరుగుతుందనుకున్నా. నీ బుర్రే బుర్ర నాయనా.

ఇంకో సంగతి. మేకలు కాసుకునే మాల్యాద్రి అని ఒక పెద్దాయన రోజూ వస్తాడు. నిన్న జనరేటర్ మోతలో నా చెవి దగ్గరికి వచ్చి అరిచి అడిగినాడు, "ఏ ఊరమ్మా మీది?" అని. చెప్పినా. "అయితే జనరేటర్ యోసేపు తెలుసా?" అన్నాడు. ఆయన కూతుర్నే అన్నా. చేతిలో ప్లేటు కింద పెట్టి దండం పెట్టినాడు నాయనా! వయసులో ఉన్నప్పుడు పాటలు వినేదానికి మన సభలకి వచ్చేవాడంట. "దర్శి సభల్లో గాలివానకి పందిరి ఎగిరిపోయింది గానీ మీ నాయన మైకు ఆగలా" అని లైన్లో ఉన్నోళ్ళందరికీ చెప్పినాడు. నాకు ఎంత గొప్పగా అనిపించిందో! దోసెకి డబ్బులు తీసుకోబుద్ధి కాలా. తీసుకున్నా అనుకో.

ముప్పై ఏళ్ళు నీ జనరేటర్ ఆగలేదు. అందుకే నేను కూడా ఐదింటికి స్టార్ట్ చేస్తే షట్టర్ దించేదాకా ఆపను. నువ్వు ఆపలా, నేనూ ఆపను.

ఇప్పుడు చెప్పు, డీజిల్ తక్కువ తాగే మిషన్ ఏదన్నా ఉందా?

నీ బిడ్డననిపించుకున్న,
ఫెబీ


ముండ్లమూరు, జూన్ 10

ఫెబీ తల్లికి,

కొత్త మిషన్ వద్దు. ఉన్నదాన్ని ఆపు.

చట్నీలు ఇంట్లోనే రుబ్బుకుని పో. జనం ఎక్కువై అయిపోతే అప్పుడు జనరేటర్ వేసి మళ్ళీ రుబ్బు, ఆపు. ఇంట్లో సీసాల్లో నీళ్ళు గడ్డ కట్టించి ఫ్రిజ్‌లో పెట్టుకో, ఆ ఆరు గంటలు చల్లగానే ఉంటుంది. తలుపు మాటిమాటికి తియ్యవాక. లైట్లకి, ఫ్యానుకి మీ ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీ బండిలో పెట్టు. పగలంతా ఇంట్లో ఛార్జి ఎక్కుతుంది.

నాలుగు బల్బుల కోసం అంత మిషన్ తిప్పడమంటే చీమ కోసం లారీ కట్టినట్టు.

మీ నాయన,
యోసేపు


గిద్దలూరు, జూన్ 11

నాయనకు,

నువ్వు రాసింది మూడుసార్లు చదివినా. నువ్వేనా ఈ మాట అన్నది?

బండి దగ్గర జనరేటర్ ఆగిందంటే దుకాణం కట్టేసినట్టే అనుకుంటారు జనం. ఈ రోడ్డులో మోత వింటేనే మా బండి తెరిచి ఉందని తెలిసేది. మధ్యలో ఆపి, మళ్ళీ వేసి, మళ్ళీ ఆపి, ఎవరన్నా చూస్తే "పాపం, డీజిల్‌కి కూడా లేదు" అనుకోరా? అదీ జనరేటర్ యోసేపు కూతురు!

గాలివానలో ఆపనోడివి, నన్ను ఆపమంటున్నావు. నిజం చెప్పు నాయనా. ఈ బండి నిలవదని నీకు కూడా అనిపించిందా? ఉన్నన్ని రోజులు తక్కువ ఖర్చుతో లాగించమంటున్నావా? అల్లుడు నీకు ఫోన్ చేసినాడా?

ప్రవీణ్ నిన్న బండి కాగితాలు బయటికి తీసి పెట్టినాడు. నేను లోపల పెట్టేసినా.

ఫెబీ


ముండ్లమూరు, జూన్ 20

నా ఫెబీ తల్లికి,

తొమ్మిది రోజులు నీకు రాయలేదు. రోజూ మొదలుపెట్టి చెరిపేసినా. మీ అమ్మ ఇవాళ "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా" అంది. నేనే చెప్తున్నా.

నా జనరేటర్ ఆగింది. ముప్పై ఏళ్ళు, ప్రతి సభలో, ప్రతి పగలు ఆగింది. నేనే ఆపినాను.

పగలు ప్రసంగాలప్పుడు లైట్లు అక్కర్లేదు, ఒక్క మైకే. దానికి లారీ బ్యాటరీ చాలు. మైకు వైరు బ్యాటరీకి మార్చి, పందిరి వెనక జనరేటర్ ఆపేసేవాడిని. పొద్దు గూకేముందు మళ్ళీ వేసేవాడిని. ఇద్దరికే తెలుసు, నాకూ మీ అమ్మకూ. ఈ ఉపాయం మొదట చెప్పింది కూడా మీ అమ్మే. మొదటి ఏడాది మార్కాపురం సభలకి డీజిల్ పోసీ పోసీ చేతిలో ఏమీ మిగలకుండా ఇంటికొచ్చినా. అప్పుడు అడిగింది, "ఎండలో ఎవరికి వెలుగు చూపిస్తున్నావు?" అని.

అది మోసం కాదు. రోజుకింత అని గుత్తకి మాట్లాడుకునేవాళ్ళం, డీజిల్ నాదే. నీ హాస్టలు ఖర్చు, నువ్వు వంట పని నేర్చుకున్న ఖర్చు అట్ల మిగిలినవే. కానీ మైకు ఆగలేదని జనం పొగుడుతుంటే, జనరేటర్ ఆగలేదని వాళ్ళే అనుకుంటుంటే, నేను నోరు మూసుకున్నా. బాగుండేది వినేదానికి. నువ్వు చిన్నపిల్లగా ఉన్నప్పుడు స్కూల్లో అందరికీ చెప్పుకునేదానివి. అప్పుడు అసలు చెప్పలేకపోయినా.

నీ దగ్గర నా పేరు పోతుందని తొమ్మిది రోజులు భయపడినా. నా అబద్ధానికి నీ బండి పోకూడదు.

నేను చేసిందల్లా వైర్లు మార్చడమే. నువ్వు నీ చేత్తో పిండి రుబ్బి, పదిమందికి దోసె పోసి, నీ పేరు మీద బండి నిలబెట్టినావు. నేను ఆ పని చేయలేను. ఆపమన్నది నిలవదని కాదు తల్లీ.

మీ నాయన,
యోసేపు


గిద్దలూరు, జూన్ 30

ప్రియమైన నాయనకు,

వందనాలు, నీకు ఒకటి, అమ్మకి రెండు.

నీ ఉత్తరం చదివి మొదట ఏడ్చినా, తర్వాత అమ్మ అడిగిన మాట గుర్తొచ్చి నవ్వినా. ప్రవీణ్‌కి చూపించినా. "మామ గట్టోడే!" అన్నాడు. ఆ సాయంత్రమే ఇన్వర్టర్ విప్పి బండిలో బిగించినాడు, నేను అడక్కుండానే.

మొదటి రోజు జనరేటర్ వేయకుండా షట్టర్ ఎత్తినా. మోత లేదు, ఎవరూ రారనుకున్నా. వచ్చినారు. వచ్చినోళ్ళు పోకుండా కూర్చున్నారు! ఎన్నడూ లేంది ఒకరితో ఒకరు మాట్లాడుకుంటా ఇంకో ప్లేటు చెప్పినారు.

మాల్యాద్రి పెద్దాయన చట్నీ నాకి మొహం చిట్లించినాడు. "ఉప్పు ఎక్కువైందమ్మా" అన్నాడు. అయ్యో, ఎప్పట్నుంచి పెద్దయ్యా అన్నా. "ఆరు నెలల్నుంచి చెప్తానే ఉండా! చెప్పినప్పుడల్లా నువ్వు నవ్వి ఇంకో గరిటె వేస్తావు!" లైనంతా నవ్వులు. అందరూ అదే అనుకుంటున్నారంట నాయనా, మోతలో నాకు వినపడలా. మర్నాడు ఉప్పు తగ్గించినా. చట్నీ ఎనిమిదింటికే అయిపోయింది. జనరేటర్ వేసి రుబ్బి ఆపినా. ఇప్పుడు రోజుకి లీటరు దాటడం లేదు.

పెద్దాయన మళ్ళీ నీ గొప్ప మొదలుపెట్టినాడు. జనరేటర్ ఆగలేదు అనబోయినాడు. నేను ఆపి అసలు సంగతి చెప్పేసినా. నువ్వు ఒప్పుకుంటావనే చెప్పినా. ఆయన "అయితే మాకు మైకూ వినిపించినాడు, ఇంటికి రూపాయీ మిగిల్చినాడు. ఇంకా గట్టోడు గదమ్మా!" అన్నాడు. నేనూ అదే అంటున్నా.

ఇవాళ దర్శి ఆయన వచ్చినాడు. రెండు కారం దోసెలు తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, ప్రవీణ్ పక్కన నిలబడి బండి రేటు ఎంతకి తెగ్గొడదాం అన్నాడు. నేను పెనం మీద నీళ్ళు చల్లతా చెవులు అక్కడే పెట్టినా. ప్రవీణ్ నా వైపు చూసినాడు. "బండి నాది కాదన్నా, ఆమెది. ఆమెనే అడుగు" అన్నాడు.

ఆయన నా దగ్గరికి వచ్చి, "ఏమ్మా, ఏం చేద్దాం?" అన్నాడు.

"ఇంకో దోసె వేసుకుందామన్నా. కారమా, గుడ్డా?" అన్నా.

గుడ్డు దోసె తిని పోయినాడు. డబ్బులిచ్చే పోయినాడులే.

ఈ ఆదివారం గుడిలో ఆరాధన అయినాక అమ్మని తీసుకుని బస్సెక్కు. పెనం దగ్గర మీ ఇద్దరికీ స్టూళ్ళు వేసి ఉంచుతా.

మీ ఇద్దరి కూతురు,
ఫెబీ